తొట్టెలో చేపలకు నేనిచ్చిన మోక్షం

వైశాఖ పౌర్ణమి నాడు పుణ్యం సంపాదించబోయి పదకొండు ప్రాణాలు తీశాను. పన్నెండోది మా అత్తది. దేవుడి దయవల్ల వెంట్రుకవాసిలో తప్పింది. నవ్వుకోండి, ఫరవాలేదు. కాకపోతే మీ పెరట్లో నీళ్లతొట్టె ఉంటే మాత్రం చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

అప్పటికి నా పెళ్లయి నాలుగు నెలలు. పుట్టిల్లు గజపతినగరం పక్కన, మెట్టినిల్లు నౌపడ దగ్గర. చిన్నప్పుడు జబ్బుమనిషినని నన్ను బడికి పంపకుండా మా నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. సకల ప్రాణుల్లోనూ దేవుడున్నాడన్నారు, నేర్చుకున్నాను. ఏ ప్రాణి ఏ నీళ్లలో బతుకుతుందో ఆయన చెప్పలేదు. తప్పు ఆయనది కాదు, నేనడగలేదు.

అత్తవారి పెరట్లో సిమెంటు తొట్టె ఉంది. అందులో వేలి గోరంత చేపలు పదకొండు. తొట్టె కడిగిన రోజున అత్త వాటిని చెంబులోకి తీసి, కడగడం అయ్యాక మళ్లీ అందులోనే వేసేది.

"ఎందుకత్తా ఇవి?" అని ఒకసారి అడిగాను.

"ఉండాల. నీకెందుకే, తోము."

అంతే, నా కళ్లకు అవి యావజ్జీవ ఖైదీల్లా కనబడడం మొదలైంది. నేను అంచున నిలబడితే నోళ్లు తెరిచి పైకి చూసేవి. విముక్తి కోసం మొరపెట్టుకుంటున్నాయని నాకు కన్నీళ్లు వచ్చేవి. మెతుకుల కోసమని ఇప్పుడు తెలుసు.

పౌర్ణమి ఉదయం స్నానం, దీపం అయ్యాక వాటిని చెంబులోకి పట్టి, కొంగు కప్పి, ఉప్పుమళ్ల వైపు నడిచాను. సముద్రపు నీళ్లను మళ్లలోకి తెచ్చే కాలువ అక్కడుంది. బుల్లి తొట్టెలోంచి ఏకంగా సముద్రంలోకి! ఇంత గొప్ప విడుదల ఏ రాజూ ఏ ఖైదీకీ ఇచ్చి ఉండడు. కళ్లు మూసుకుని, మనసులో దండం పెట్టుకుని, చెంబు వంచాను.

మడిలో ఉప్పు లాగుతున్న ముసలాయన పని ఆపి గట్టు మీదికి వచ్చాడు.

"ఏటమ్మా అది?"

"సేపల్ని వదుల్తన్నాను తాతా. పౌర్ణమి కదా."

ఆయన వంగి చూశాడు. "మంచినీటి సేపలు కావేటి?"

"అవును."

"ఓలమ్మో! బతికుండగానే ఊరగాయెడతన్నావేటమ్మా?"

నీళ్లలోకి చూశాను. చేపలు గిరగిరా తిరుగుతున్నాయి. సంతోషంతో కాదు. కుచ్చిళ్లు ఎత్తి దిగి, రెండు చేతులతోనూ దేవాను. రెండు దొరికాయి. చెంబులో వేద్దామంటే అందులో మంచినీళ్లు ఒక్క చుక్క లేవు. ఒక్కొక్కటే తెల్లటి పొట్ట పైకి పెట్టింది. తాత తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు, మనిషి పోయిన చోట నిలబడ్డట్టు.

"ఇంటికెల్లమ్మా," అన్నాడు. "ఇంకేటీ వదలకు."

ఇంటికి వచ్చేసరికి అత్త తొట్టె దగ్గరే ఉంది.

"సేపలేవే?"

నా జన్మలో మొదటి అబద్ధం అప్పుడాడాను. "కాకి ఎత్తుకుపోయింది కాబోలత్తా."

"పదకొండూనా?"

"మూడు నాలుగు కాకులొచ్చాయి."

పాపం, నమ్మింది. ఆనాటి నుంచి గోడ మీద కాకి వాలితే చాలు, చీపురు తీసుకుని దాని ఏడు తరాలనూ తిట్టిపోసేది. నేను లోపల దీపం దగ్గర కూర్చుని కాకులకు క్షమాపణ చెప్పుకునేదాన్ని. వేరే చేపలు తెమ్మని అత్త రోజూ మా ఆయనతో చెప్పేది. ఆయన రోజూ మరిచిపోయేవారు. నడివేసవి నీటి ఎద్దడిలో తొట్టె ఖాళీ చేసి కడిగే ప్రసక్తే లేదు.

మూడు వారాలు తిరక్కుండా అత్తకు జ్వరం తగిలింది. కీళ్లు విరిచినట్టు నొప్పులు, కళ్ల వెనక పోట్లు. నాలుగో రోజుకు చిగుళ్ల నుంచి రక్తం. ఆసుపత్రిలో డెంగ్యూ అన్నారు. రెండు రోజులు గడిస్తే గాని ఏ మాటా చెప్పలేమన్నారు.

అత్త బట్టల కోసం ఇంటికి వచ్చాను. మా వీధులు చూసే ఆరోగ్య కార్యకర్త మంగమ్మ మా తొట్టెలోకి తొంగి చూస్తోంది.

"ఇలాగొచ్చి సూడమ్మా."

నీళ్లలో వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు, లెక్కకు అందనన్ని, మెలికలు తిరుగుతున్నాయి.

"ఏటివి?"

"దోమ పిల్లలు. మీ అత్తని కుట్టిన జాతే. ఈటిని తింటాయనే కదా నాను సేపలు తెచ్చి యేసినాను. ఏవి?"

నేను గోడ మీది కాకి వైపు చూశాను.

"నీళ్లలో నాసుని పురుగు తింటాది. పురుగుని సేప తింటాది. సేప నేకపోతే పురుగు దోమైపోయి మనల్ని తింటాది. మద్దిలో ఒకదాన్ని లాగెస్తే ఎలాగమ్మా?"

అదీ సంగతి. సకల ప్రాణుల్లోనూ ఉన్న దేవుడు మా తొట్టెలోనూ ఒక ఏర్పాటు చేసుకున్నాడు. నేను వెళ్లి దాన్ని సంస్కరించాను.

ఆసుపత్రికి తిరిగి వెళ్లి అత్త పాదాలు పట్టుకున్నాను. "అత్తా, కాకులు కాదు. నేనే. ఉప్పునీళ్లలో వదిలీసినాను. సచ్చిపోయాయి."

అత్త కళ్లు తెరవలేదు. ఎండిన పెదాలు మాత్రం కదిలాయి.

"అయితే కాకులేటీ సెయ్యనేదా?"

"లేదత్తా."

"ఓసి నీ సోకుమాడ! ఆటిని అన్నేసి తిట్లు తిట్టించినావు కదే నా సేత. రేపు నాను పోతే పిండం ముట్టాల్సింది అవే కదా. ముడతాయేటే ఇంక?"

పక్క మంచం ఆవిడ నవ్వాపుకోలేక దగ్గింది. నేను ఏడుస్తున్నాను.

"ఏడవకు," అంది అత్త. "ఆటికి కోపం దిగిందాకా నాను సావడానికి నేదు."

ఆ భయంతోనే బతికిందో, దేవుడే చూశాడో. కాకులకూ, దేవుడికీ దండం పెట్టుకున్నాను. ఆ జ్వరం తర్వాత అత్త వేళ్లు మాత్రం ఈనాటికీ సరిగ్గా ముడుచుకోవు. అన్నం ముద్దలు నేను కట్టి ఇస్తే తను గోడ మీద పెట్టి కాకుల్ని "రండమ్మా, రండి" అని బతిమాలుతుంది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. అది ఏం తింటుందో, దాన్ని ఏది తింటుందో, నీళ్లు తియ్యనివో ఉప్పువో విచారించకుండా ఇకమీదట చీమకైనా సరే నా చేతుల మీదుగా మోక్షం ఇవ్వను. మరీ తొందరగా కావలసిన జీవులు నేరుగా పైవాడికే మొరపెట్టుకోవాలి. నాకు ఆయన తొట్టె తోమే పని ఇచ్చాడు. అదే పదివేలు.