ఎస్తేరు అక్క నా కుర్చీలో కూర్చున్న రోజు

మొన్న లాప్‌టాప్‌కు కొత్త తెర తగిలించి రెజల్యూషన్ మార్చాను. టక్కున నల్లబడింది. మళ్ళీ వెలిగి, ఈ అమరిక ఉంచాలా వద్దా అంటూ సెకన్లు లెక్కపెట్టసాగింది. నా కుడిచెయ్యి దానంతటదే లేచి తెర ముందు వేళ్లు ఊపింది. "ఎవరికి టాటా చెప్తున్నవ్ మమ్మీ?" అని మా అమ్మాయి పకపకా నవ్వింది. ఎస్తేరు అక్కకే అనుకున్నాను.

ఇరవై ఏళ్ల కిందటి మాట. బోధన్‌లో అక్క తన ఇంటి ముందుగదిలో రెండు కంప్యూటర్లు పెట్టి టైపింగు పనులు తీసుకునేది. ఎవరో ఇచ్చిన సీడీతో రెండింట్లోనూ విండోస్‌కు బదులు లినక్స్ ఎక్కించింది. కొత్త మానిటరు ఆమెది, పాత డబ్బా నాది. చెరకు రైతుల జాబితాలు ఎక్కించడం నా పని. పేరు, ఊరు, ఎకరాలు, నాటిన నెల, గడులన్నీ ఒకేసారి కనబడాలని అక్క తెరను సన్న అక్షరాలొచ్చే 1024x768లో పెట్టింది. నాకేమో మధ్యాహ్నానికల్లా కణతలు పగిలిపోయేవి. బీడీలు చుట్టే మా అమ్మ చాట నా ముందుకు జరిపి, "ఐతారం దాక సూస్త. తగ్గకుంటే ఇంట్ల కూసొని గివి చుట్టు" అంది. ఆ కీబోర్డంటే నాకు పిచ్చి. అది పోతుందంటే ఏడుపాగలేదు.

అక్క మొదట నమ్మనే లేదు. "సాకులు జెప్పకు. కండ్ల డాక్టరుకు సూపెట్టుకో పో" అని కసిరింది. నా కళ్లు బంగారంలా ఉన్నాయన్నాడు డాక్టరు. ఆ చీటీ అక్కకు చూపించాను. మర్నాడు పొద్దున్నే అక్క వెళ్లి నా కుర్చీలో కూర్చుంది. "ఇయ్యాల నువ్వు నాదాని మీద చెయ్యి. నేను దీని మీద చేస్త."

సాయంత్రానికి అక్క తలకు తువ్వాలు బిగించి కట్టుకుంది!

"సరితా, తప్పు నీది గాదే, నాది" అంటూ తెర ముందు చెయ్యి ఊపింది. అయిదు వేళ్లూ ముక్కలు ముక్కలుగా కనబడ్డాయి. "సెకండుకు అరవైసార్లే వెలుగుతున్నది. గా మినుకే నీ కండ్లను కొడుతున్నది."

మానిటరు పుస్తకం తీశాం. 800x600కి దిగితే ఎనభై అయిదుసార్లు వెలుగుతుందట. కాకపోతే రెండు గడులు తెర దాటిపోతాయి. "పోనీ, జరుపుకుంట చేద్దాం" అంది అక్క. తప్పు అంకె వేస్తే మానిటరు చెడుతుందని కూడా ఆ పుస్తకంలోనే రాసి ఉంది. అమరికల ఫైలుకు ముందు నకలు తీసిపెట్టింది. "నకలుంటే ఫైలు వాపసొస్తది గని మానిటరు రాదు. సక్కగ సదువు తల్లీ!" నేను అంకెలు చదివాను, ఆమె కొట్టింది.

తెర నల్లబడింది. లోపల టక్‌మంది.

"అక్కా, పాయె!"

"ఆగు పిల్లా, ఆగు!"

వెలిగింది! అక్షరాలు పెద్దపెద్దగా, కదలకుండా నిలబడ్డాయి. అక్క వేళ్లు ఊపింది, నేనూ ఊపాను, ఇద్దరం కేకలేస్తూ ఊపాం. గోల విని పక్కింటి అవ్వ పరుగెత్తుకొచ్చి, "ఏమైందే, పామొచ్చిందా?" అంది.

ఆదివారం వచ్చింది. నాకు తలనొప్పి రాలేదు. అమ్మ చాటను తన ఒడిలోకి లాక్కుని, "పో, నీ డబ్బకాడికే పో" అని మురిసిపోతూ తిట్టింది.

ఇప్పుడు నా దగ్గర ఆరుగురు కంప్యూటర్ల మీద పనిచేస్తున్నారు. పోయిన నెల కొత్తగా చేరిన పిల్ల, "మేడమ్, తల నొస్తుంది" అంది. సాకేమో అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"లే బిడ్డా, ఇయ్యాల నేను కూసుంట" అన్నాను.