పడవ పుట్టిన తేదీ

ఆ ఆదివారం చిత్తూరులో మా ఇంటి వరండాలో ఉన్నవాళ్లు అవ్వ, అక్క, నేను. ఉన్నవి నీళ్ల బేసిన్, అందులో మెల్లగా తిరుగుతున్న మూడు కాగితం పడవలు, గోడకు తేదీల క్యాలెండర్.

అవ్వ రోజూ క్యాలెండర్‌లో చింపిన కాగితంతో పడవ చేసేది. అంతకు ముందు వారం ఒకటి విప్పితే లోపల తేదీ కనిపించింది. లోకంలో పడవ పుట్టిన రోజు అదేననుకున్నాను. మా అవ్వే కనిపెట్టిందని బడిలో చెప్పేశాను. అందరూ నవ్వారు. సోమవారం రుజువు తెస్తానని ఒట్టేశాను.

"అవ్వా, పడవ నువ్వే కదా కనిపెట్టింది?"

"నేనెట్ల కనిపెడతానప్పా? మాయమ్మ నేర్పించినాది."

"వచ్చినాడు సూడు సైంటిస్టు!" అంది అక్క.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ ఇంకో కాగితం తీసుకుని పడవ చేసి, మూతి దగ్గర లోపలికి చిన్న మడత పెట్టింది.

"ఈ మడత మాత్రం నాదే. పోయి చెప్పు."

పడవ మీద ఆ రోజు తేదీ పెన్సిల్‌తో రాసుకున్నాను.

ఇన్నేళ్లకు మొన్న కొత్త క్యాలెండర్ కాగితం చింపితే అవ్వ పడవలకుండే అదే జిగురు వాసన. ఇప్పుడు నేను పాత కాగితం బొమ్మలు ఎప్పుడు, ఎక్కడ పుట్టాయో వెతికి పట్టిక రాస్తుంటాను. అవ్వ మడత ఏ పుస్తకంలోనూ లేదు. ఆ రోజు బేసిన్‌లో ఉన్న మూడు పడవలకూ లేదు. అది నా కోసం అప్పటికప్పుడు పుట్టింది.

పట్టికలో బొమ్మలు నలభై, మడత ఒకటి. పుట్టిన తేదీ కచ్చితంగా తెలిసినది ఒకటి.