లైటుహౌసెక్కిన మా వదిన

మా వదిన పోయిందని మొన్న తెల్లవారగానే బద్వేలు ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. ఫోను మోగితేనే నాకు గుండె ఝల్లుమంటుంది. ఆ రోజు ఆ భయం నిజమైంది. వదిన అంటే మా ఆయనకు అక్క. చిన్న వయసులోనే మొగుడు పోయి మా దగ్గరే ఉండింది.

కడసారి చూపుకు వచ్చిన ఒకామె "పాపం, ఏ సుఖమూ ఎరగని మనిషి" అంది. నాకు ఒళ్లు మండింది. మా వదినను ఎవరూ పాపం అనొద్దు. నా చదువు అంతంతమాత్రమే అయినా అందుకే ఇది రాస్తున్నాను.

వానలు ఎగ్గొట్టిన ఒక ఏడాది మేస్త్రీ మా ఆయనతో కలిపి మా ముగ్గురినీ కోస్తాకు పనికి తీసుకుపోయాడు. అక్కడ సముద్రం ఒడ్డున ఎత్తయిన లైటుహౌసు కడుతున్నారు. మొదట్లో జాలరులే గుంజకు లాంతరు కట్టుకునేవాళ్లట. తర్వాత కట్టిన ఇటుకల లైటుహౌసు, అడుగున ఇసుక కోసుకుపోయి, తుపానుకు ఒరిగిపోయిందట. ఈసారిది నిలవాలని పునాది లోతుగా తవ్విస్తున్నారు. పెద్ద కట్టడం మనిషి తల అడుగుతుందని ఊళ్లో విన్న మాట నన్ను నిద్రపోనిచ్చేది కాదు.

"నీ తల ఎవురిక్కావాల్లేమ్మే? దాంట్లో భయం తప్ప ఏముండాది?" అని వదిన నవ్వేది.

మోకాలి లోతు తవ్వామో లేదో, గుంతలో ఊట పొంగింది. మా సీమలో బావిలో నీళ్లు పడితే పండగ. వదిన గడ్డపార పడేసి, నా కుంకుమ భరిణె తెచ్చి గట్టున బొట్లు పెట్టి, "గంగమ్మ వచ్చిందమ్మే! టెంకాయ తే!" అని కేకేసింది. నేనూ సంబరంగా కొట్టాను. అవతల ఇంజనీరు తల పట్టుకున్నాడు. పునాదికి నీళ్లే శత్రువని మాకేం తెలుసు!

నీళ్లు తోడే మిషన్లు పెట్టారు. ఊట ఆగలేదు. మేస్త్రీ అందరి ముందూ వదిన మీద పడ్డాడు. "ముండమోపి చెయ్యి పడె, పని నాశనమాయె. ఇంగ నువ్వు కట్టడం దగ్గరికి రావద్దు. ఊరికి పో!"

పోతే ఊళ్లో ఏం తినాలి? ఊరుకోమని ఆమె కొంగు లాగాను. వదిన విడిపించుకుంది.

"ఏమప్పా మేస్త్రీ, నా చెయ్యి పడితే నీళ్లొస్తాయా? అట్లయితే నన్ను ఊరూరా తిప్పప్పా, సీమలో బావులన్నీ నిండుతాయి! ఇంత గొప్ప చేత్తో ఈడ సిమెంటు మోపిస్తాండావే!"

కూలీలంతా గొల్లున నవ్వారు. వదిన ఇనుప చట్టి నెత్తిన పెట్టుకుని వరుసలో నిలబడింది. ఆమెను అక్కడినుంచి కదిలించే మొనగాడు లేకపోయాడు.

తర్వాత గుంత చుట్టూ ఇనుప రేకులు దిగ్గొట్టి, ఊటను అడ్డగించి, పునాది పోశారు. గుండ్రటి అచ్చు బిగించి కాంక్రీటు నింపడం, గట్టిపడ్డాక అచ్చును పైకి జరపడం. అలా లేచింది ఆ కట్టడం. వదిన లోపలి మెట్ల మీద చట్టి మోస్తూ ఎక్కేది. నేను కింద నిలబడి అహోబిలం నరసింహస్వామికి మొక్కుకునేదాన్ని. "మొక్కింది చాలు, చట్టి నింపు" అనేది.

దీపం గది పూర్తయ్యాక పైన పూజ పెట్టారు. ముత్తైదువలే ఎక్కాలన్నాడు మేస్త్రీ. మా గుంపులో ముత్తైదువను నేనొక్కదాన్నే. నాకు నాలుగు మెట్లెక్కితే కళ్లు తిరుగుతాయి. అయినా ఆ రోజు ఎక్కడినుంచి వచ్చిందో గొంతు.

"మా వదిన రాకుంటే నేను ఎక్కనప్పా. బొట్లు నువ్వే పెట్టుకో పో!"

మేస్త్రీ పళ్లు కొరికాడు. పూజారి తొందర పెట్టాడు. వదిన నా చెయ్యి పట్టుకుని ముందు నడిచింది. పైన నేను గోడను కరుచుకుని కళ్లు మూసుకుంటే, దీపం గది గడపకు ఆమే బొట్లు పెట్టింది. ఎవరూ వద్దనలేదు.

కళ్లు తెరిచేసరికి వదిన కమ్మీల దగ్గర నిలబడి ఉంది. కింద పడవలు నువ్వుగింజలంత ఉన్నాయి. గాలికి ముడి ఊడి జుట్టంతా ఎగురుతోంది. ఆమె సర్దుకోలేదు. కుంకుమ అంటిన చేతులు కమ్మీ మీద ఆనించి, సముద్రానికి ఎదురుగా అలాగే నిలబడింది.