ఒకణ్ణే, కానీ బాగా చూశాను

ఒక జాతి జాతంతా ఎలాంటిదో చెప్పడానికి మామగారికి అందులో మనిషి ఒక్కడు దొరికితే చాలు. బట్టల కొట్టులో గుడ్డ మూలను రెండు వేళ్ళ మధ్య నలిపి, ఆ తానంతా ఎలా ఉంటుందో చెప్పేసే మనిషి కదా, మనుషుల దగ్గరా అదే లెక్క. ఏటవతలివాడొకడు గొడుగు పట్టుకుపోయి తిరిగివ్వలేదు కాబట్టి ఏటవతలివాళ్ళంతా గొడుగు దొంగలు. కొండవాడొకడు కోటుకి కొలతలిస్తూ నిలబడే నిద్రపోయాడు కాబట్టి కొండవాళ్ళంతా నిద్రమొహాలు.

"ఎంతమందిని చూశారు మామయ్యా?" అని కోడలు అడిగితే, "ఒకణ్ణే. కానీ బాగా చూశాను" అనేవారు.

కొట్టు వెనక గదిలో మిషన్లు పెట్టి కుట్టుపని నడిపేది ఆ కోడలే. ఆయన మాటలకు అందరికీ సర్దిచెప్పుకునే పనీ ఆమెదే. రెండో పనికే ఎక్కువ ఓపిక ఖర్చయ్యేది. దీవి నుంచి వచ్చిన టైలరు ఆయన నోటికి తాళలేక మొన్ననే మానేశాడు. బడి యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. వారాంతానికి ఇవ్వకపోతే బడివాళ్ళు ఇంకో కొట్టు చూసుకుంటారు. కాజాలు కుట్టడానికి దొరక్క దొరక్క దొరికింది కొండల నుంచి వచ్చిన ఒకమ్మాయి. దణ్ణం పెడతాను, ఆమెతో మాట్లాడకండి అని కోడలు ముందే బతిమాలుకుంది. ఆయన మధ్యాహ్నం దాకా నోరు కట్టేసుకున్నారు. ఆ తర్వాత ఉండలేకపోయారు.

"మీవాళ్ళకి నిలబడే నిద్ర పట్టేస్తుంది కదమ్మాయ్?"

కోడలి ప్రాణం ఉసూరుమంది. ఈమె కూడా సంచి సర్దుకుంటుంది, కాజాలన్నీ ఇక తన మెడకే. కోప్పడే ఓపిక కూడా లేక మిషను మీద తల వాల్చేసింది.

ఆ అమ్మాయి సూది ఆపకుండానే, ఎవరు చెప్పారని అడిగింది. ఆయన హుషారుగా కోటు కథంతా చెప్పుకొచ్చారు.

"మరి మీరేం చేశారు బాబాయ్‌గారూ?"

"ఏం చేస్తాను? రాత్రంతా డ్యూటీ చేసి వచ్చాడట. లేపబుద్ధి కాలేదు. పడిపోతాడని భుజం పట్టుకుని నించున్నాను. వచ్చిన బేరాలన్నీ వచ్చినట్టే పోయాయి."

కోడలు తలెత్తింది. ఈ కథ వినీ వినీ ఆమె చెవులు అరిగిపోయాయి గానీ, నిద్ర దగ్గరికి రాగానే విసుక్కుని లేచిపోవడమే తప్ప చివరిదాకా ఎన్నడూ విననే లేదు.

"మరి ఆ గొడుగు?" అంది.

"నేనే ఇచ్చాను. చంటిపిల్లని ఎత్తుకుని వానలో నిలబడితే ఇవ్వక చస్తానా? అయినా తిరిగివ్వలేదుగా."

మూల నలిపి తానంతా తేల్చేసే బాపతు ఇంట్లో ఆయనొక్కరే కాదని కోడలికి అర్థమై, అంత అలసటలోనూ నవ్వొచ్చింది.

అమ్మాయి సంచి జోలికి పోలేదు. దారం కొరికి, ఇంకో చొక్కా ఒళ్ళోకి లాక్కుంది.

"మీ జాతివాళ్ళని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు బాబాయ్‌గారూ. మీవాళ్ళంతా ఇంత మంచివాళ్ళేనా?"

మామగారు కంగారుపడిపోయారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కాసేపు ఆలోచించి మాట్లాడారు.

"అలా ఒకణ్ణి చూసి చెప్పేస్తే ఎలాగమ్మా? నువ్వింకా మా తమ్ముణ్ణి చూడలేదు."