నుదుటి మీది చెయ్యి

దెయ్యాలున్నాయని ఎవరైనా చెబితే నేను లేచి వెళ్ళిపోయే రకం. మా ఇంట్లో గుడ్డితనాన్ని కూడా శాపం కిందే జమకట్టేవాళ్ళు. అందుకే నాకు అలాంటి మాటలంటే చిరాకు.

మాది ఆర్మూర్. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నేను మార్కెట్లో పసుపు కొమ్ములు ఏరే పనికి పోయేదాన్ని. మా నాయనకు, ఆయన తల్లికి ముప్పై దాటేసరికి నల్లగుడ్డు మీద పాలపొర కమ్మింది. నాకు ఇరవై రెండేళ్ళకే మొదలైంది. పొద్దున లేవగానే కంట్లో ఇసుక పోసినట్టు మంట, ఎండ చూస్తే నీళ్ళు. కొందరు పసుపు దుమ్ము అన్నారు. అమ్మ శాపమే అంది. నేను రెండూ నమ్మక, బస్సెక్కి హైదరాబాదు దవాఖానకు పోయాను.

డాక్టరమ్మ నా కన్ను చాలాసేపు చూసింది. "కంటికి ముందల అద్దం లెక్క ఒకటుంటదమ్మా. దాంట్ల ఐదు పొరలుంటయి. మీ ఇంటోళ్ళకు నడిమి పొరల మరకలు పేరుకుంటున్నయి. దుమ్ము గాదు, శాపం గాదు. రక్తంల వస్తది" అంది. చనిపోయినవాళ్ళ కంటి నుంచి ఆ అద్దం తీసి కుట్టవచ్చని కూడా చెప్పింది.

అమ్మ గుండె బాదుకుంది. "సచ్చినోళ్ళ కన్ను పెట్టుకుంటే సచ్చినోళ్ళే కనబడ్తరే!"

"కనబడనీ. ఇప్పుడైతే ఎవ్వరు కనబడ్తలేరు గద" అన్నాను.

ఎనిమిది నెలలకు దవాఖాన నుంచి, వచ్చి వార్డులో ఉండమని కార్డు వచ్చింది. కుడి కంటికి ఆపరేషన్ చేశారు. రెండు కళ్ళకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టారు. కదలకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు. కుట్లు తెగితే కన్ను పోతుందన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం తుమ్ము వచ్చింది. ఆపుకోలేక తల లేవబోతుండగా ఒక అరచేయి నా నుదుటి మీద పడి గట్టిగా అదిమింది. పొడిగా, గరుకుగా, చల్లగా ఉంది. తుమ్ము ఆగిపోయింది. అమ్మే అనుకున్నాను. పిలిస్తే జవాబు రాలేదు.

సాయంత్రం అడిగితే అమ్మ బిత్తరపోయింది. "నేను బయట పంపు కాడ బట్టలు పిండుకుంటున్న. పగటిపూట లోపటికి రానిస్తరా?" ఆయాను అడిగాను. ఆ వేళ వార్డు తలుపు మూసే ఉందంది. ఆ చెయ్యి ఇంకో రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ నేను కదలబోయినప్పుడే.

మందుల మత్తు అని సర్దుకున్నాను. చూపు వచ్చింది. ఆర్మూర్ వచ్చి కొమ్ము విరిచి లోపలి రంగు చూసినప్పుడు మార్కెట్లోనే ఏడ్చేశాను. చచ్చినవాళ్ళెవరూ కనబడలేదు. ఆ చెయ్యి సంగతి ఇంట్లో మళ్ళీ ఎత్తలేదు, అమ్మనూ ఎత్తనివ్వలేదు. చెల్లె రాజమణికి కూడా పొర మొదలైంది. ఈ సంగతి వింటే తను ఆపరేషన్‌కు భయపడుతుందని నా ఆలోచన.

రెండేళ్ళకు రాజమణికి అదే వార్డులో ఆపరేషన్ అయింది. ఈసారి బతిమాలి అనుమతి తీసుకుని పగలంతా పక్కనే కూర్చున్నాను. తను కట్టు గోకకుండా తన రెండు చేతులూ నా రెండు చేతులతో పట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం దానికి దగ్గు తెర వచ్చింది. ఛాతీ ఎగిరింది. నేను దాని చేతులు ఇంకా బిగించాను. తల మాత్రం దిండు మీంచి లేవలేదు. దగ్గు మెల్లగా తగ్గిపోయింది.

"అక్కా, చెయ్యి తియ్యకు. సల్లగుంది" అంది.

"పట్టుకునే ఉన్న గదనే."

"గవి గాదు. నుదుటి మీదిది."

చూశాను. వచ్చిన చూపుతో నిదానంగా, వెలుతురులో చూశాను. కట్టు, ఇసుక సంచులు, చెల్లె నుదురు. అంతే. వార్డులో మిగతా ఇద్దరూ కళ్ళకు కట్లతో ఎవరి మంచం మీద వాళ్ళున్నారు.

లేచి వెళ్ళిపోవాలనిపించింది. కానీ చెల్లె కదిలితే కన్ను పోతుంది. "తియ్య. నువ్వు కదలకు" అన్నాను.

రాజమణికి చూపు వచ్చింది. తర్వాత మా ఇంటి పిల్లలందరినీ వరుసగా తీసుకుపోయి కళ్ళు చూపించాను. కంటి పొరల గురించి నేను ఎంత అడిగినా డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది. ఈ ఒక్కటి మాత్రం ఆమెనూ అడగలేదు. నాది మత్తే అనుకుందాం. ఏమీ తెలియని చెల్లెకు అదే చల్లదనం ఎలా తెలిసింది? అది ఎవరి చెయ్యో ఇవాళ్టికీ చెప్పలేను. ఆ రోజు మాత్రం దాన్ని పొమ్మనడానికి నాకు మనసు రాలేదు.