ఒక అక్షరం మీద అనుమానం

సత్యవాణి దగ్గర ఒక్క పాత నాణెం కూడా లేదు. బందరు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైంది, అద్దె ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. అయినా లండన్‌లోనో జ్యూరిచ్‌లోనో శాతవాహనుల నాణెం వేలానికొస్తే, హాంబర్గ్‌లో ఉండే హెల్ముట్ అనే కలెక్టరు ముందు ఈమెకే ఫొటో పంపేవాడు. దాని మీది బ్రాహ్మీ అక్షరాలు ఈమె చదివి చెప్పాకే కొనేవాడు. పదకొండేళ్ళుగా ఇదే వరస.

నేను అదే కాలేజీలో తెలుగు చెప్పాను. ఇప్పుడు గుడివాడలో ఉంటున్నాను. నెలకోసారి బస్సెక్కి వెళ్తే, కాఫీ చల్లారిపోయేదాకా హెల్ముట్ మెయిళ్ళే వినిపించేది. నాణెం గురించి రెండు ముక్కలుంటే, తక్కినదంతా ఆయన మోకాలి నొప్పి, వాళ్ళ ఊరి వాన. చివర్లో "మీ ఊళ్ళో ఎండలు ఎలా ఉన్నాయి?" అని ఉండేది. అది మాత్రం రెండుసార్లు చదివేది. నాకు నవ్వొచ్చేది. ఆ మాట నేనెప్పుడూ ఆమెను అడగలేదని తట్టనే లేదు.

మొన్న వేసవిలో ఒక ఫొటో చూపించింది. పుళుమావి రాజు నాణెం, ఒక్క అక్షరమూ అరగలేదు. ఆమె దగ్గర నాలుగక్షరాలు నేర్చుకున్న నేనే కూడబలుక్కుని చదివేశాను.

"చదివి పంపావా?" అన్నాను.

"'ళు' దగ్గర అనుమానంగా ఉంది, ఇంకో ఫొటో పంపమన్నాను."

"ఇంత స్పష్టంగా ఉంటే అనుమానమేంటే?"

తల దించుకుంది. "అనుమానం లేకపోతే థాంక్స్ అని ఊరుకుంటాడు నాగశ్రీ. ఏడాదిగా ఇలాగే ఒక్కో అక్షరం ఆపుతున్నాను. అప్పుడు ఇంకో మెయిల్ వస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. "నీకిదేం బుద్ధి! ఇప్పుడే నిజం రాసెయ్" అన్నాను.

"ఫొటో రానీ, రాస్తాలే."

ఫొటో రాలేదు. వారం తర్వాత మెయిల్ వచ్చిందని ఫోన్ చేసి చదివింది. వేలం గడువు దాటి నాణెం వేరేవాళ్ళకు పోయిందట. 'ఈ మధ్య మీకు చూపు ఆనడం లేదనుకుంటాను. ఇంక శ్రమ పెట్టను. ఇక్కడే ఒకాయన చదువుతానన్నారు. ఇన్నాళ్ళ సాయానికి కృతజ్ఞతలు.'

"చూపు బాగానే ఉందని రాయవే" అన్నాను.

"రాస్తే, తెలిసే అబద్ధం చెప్పాననేగా? అప్పుడు ఇన్నేళ్ళూ నేను చదివినవన్నీ అనుమానమే అవుతాయి. చూపు పోయిందనే అనుకోనీ."

ఎండల ఊసు లేదా అని అడగబోయి నాలిక్కరుచుకున్నాను. బొత్తిగా జాలేసింది. ఏదో ఒకటి అనాలి కదా, "బందర్లో ఎండలెలా ఉన్నాయే?" అనేశాను.

"గుడివాడలో ఎలా ఉన్నాయో ఇక్కడా అలాగే ఉన్నాయి" అని ఫోన్ పెట్టేసింది.