తెర మీది శీలావతి

నేను ఆకివీడు దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. చేప శరీర నిర్మాణాన్ని కదిలే బొమ్మలతో చెప్పాలని ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేవాటి కోసం వెదికాను. నా డైరీ ప్రకారం పదకొండు సాయంత్రాలు పట్టింది. చివరికి, తాకితే మొప్పలు, గుండె ఒక్కొక్కటిగా తెరుచుకునే చేప బొమ్మ దొరికింది. దాని కింద ‘రోహు’ అని ఉంటే, ‘శీలావతి’ అని తెలుగులో నేనే చేర్చాను.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఆ పాఠం చూడడానికి జిల్లా అధికారి వచ్చారు. ఆయనకు నచ్చితే అది మండలంలోని బడులన్నిటికీ వెళ్తుంది. నేను తెర మీద బొమ్మ చూపగానే తొమ్మిదో తరగతి దుర్గ లేచింది. వాళ్ల నాన్నగారు చేపల చెరువు మీద పనిచేస్తారు.

“మేడమ్, అది శీలావతి కాదండీ, బొచ్చె అండీ. శీలావతికి అంత తలకాయ ఉండదండీ.”

“వెబ్‌సైట్‌లో స్పష్టంగా ఉందమ్మా,” అన్నాను కటువుగా.

“ఆ వెబ్‌సైటు వాళ్లు పులుసు పెట్టుకుని ఉండరండీ!” అంది వెనుక బెంచీ.

అధికారి నావైపు తిరిగారు. “మీరేమంటారండీ? ఇంట్లో రెండూ వండే ఉంటారుగా?”

“నేను శాకాహారినండీ.”

తరగతి ఘొల్లుమంది. నా ముఖం కందిపోయింది. చేపల లారీలు ఆగకుండా తిరిగే ఊళ్లో ఉంటూ, అన్ని సాయంత్రాల్లో ఒక్కరినైనా అడగాలని నాకు తోచలేదు.

దుర్గను తెర దగ్గరికి పిలిచాను. ఆ పిల్ల తల, దవడ తేడాలు చెబుతుంటే అధికారి కూడా రాసుకున్నారు. పేరు దిద్దాక పాఠం ఎంపికైంది. దాని చివర ఒక వాక్యం నేనే చేర్చాను: ‘సరిచూసినవారు: దుర్గ, తొమ్మిదో తరగతి.’